వేటలో పదిహేనణాల విద్య



కురుపాం నుంచి గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్లినా, కొమరాడ వైపు తిరిగినా కొండ మన వెంటే వస్తుంది. ఆ కొండల మీద, వాటి కింద సవర, జాతాపు గూడల్లో పెరిగిన కుర్రవాడికి వేట మీద మనసు పోవడంలో వింతేమీ లేదు. సవరలు గోడల మీద వేసుకునే బొమ్మల్లో విల్లు ఎక్కుపెట్టిన మనిషి ఉంటాడు. పెద్దల మాటల్లో అడవిపంది, కణుజు, ఎలుగు తిరుగుతూనే ఉంటాయి. వేట ఎలా మొదలుపెట్టాలి, మొదట ఏం నేర్చుకోవాలి అని ఆ కుర్రవాడు అడిగితే పెద్దలు, చదువుకున్నవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా జవాబిస్తారు. కొందరు అది నేరం, నోరెత్తకు అంటారు. మరికొందరు రాత్రికి మాతో రా, చూపిస్తాం అంటారు. మొదటి జవాబు కుర్రవాడి కుతూహలాన్ని చంపుతుంది, రెండోది అతన్ని జైలు గుమ్మం దాకా నడిపిస్తుంది. ఇవి రెండూ చాలవని నా అభిప్రాయం. వేట అనే విద్యను రూపాయి అనుకుంటే, అందులో పదిహేనణాలు అడవిని చదవడం. చివరి అణా మాత్రమే చంపడం. ఆ ఒక్క అణాను చట్టం మూసేసింది. మూసేయడం న్యాయమే. మిగిలిన పదిహేనణాలను ఎవరూ నిషేధించలేదు. అయినా చంపడంతో పాటు అదీ నేరమేనన్నట్టు మనమే దాన్ని వదిలేస్తున్నాం. కొత్తగా నేర్చుకోవాలనుకునేవాడు మొదలుపెట్టవలసింది ఆ పదిహేనణాల దగ్గరే.

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం మొదట్లో వేటను పూర్తిగా ఆపలేదు. పెద్ద జంతువులకు ఒక రకం, చిన్న జంతువులకు ఒక రకం లైసెన్సులు ఇచ్చే ఏర్పాటు అందులోనే ఉండేది. 1991లో చట్టాన్ని సవరించి ఆ లైసెన్సుల పద్ధతిని తీసేశారు. సరదా కోసం, కూర కోసం, అమ్మకం కోసం చేసే వేటకు దేశంలో అప్పటి నుంచి దారి లేదు. 2022లో మళ్లీ సవరించి, రక్షణ ఉన్న జంతువుల పట్టికలను తిరగరాశారు. ఆ మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణిని వేటాడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు, జరిమానా అదనం. ఆ షెడ్యూలు అంటే పులి, ఏనుగు మాత్రమే అనుకోవడం పొరపాటు. మన గూడల్లో కుర్రవాళ్లు తేలిగ్గా పట్టుకొచ్చే ఉడుము, అలుగు కూడా అందులోనే ఉన్నాయి.

కొత్తవాడు ఎక్కువగా మోసపోయేది వేట అనే మాటకు అర్థం దగ్గర. తుపాకీ పేలితేనే వేట అని చాలామంది అనుకుంటారు. చట్టం దృష్టిలో ఉచ్చు వేయడం వేట, వల పన్నడం వేట, ఎర పెట్టడం వేట, జంతువును తరిమి ఒకచోటికి తోలడం వేట, విషం పెట్టడం వేట. పక్షి గూటిని చెడగొట్టి గుడ్లు తీయడం కూడా వేటే. ఇవన్నీ చేయబోయి విఫలమైనా ఆ ప్రయత్నం నేరమే. ఇక నాటు తుపాకీ విషయానికొస్తే, లైసెన్సు లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడమే 1959 ఆయుధాల చట్టం కింద వేరే నేరం. పట్టుబడకపోయినా దానితో ప్రమాదం ఉంది. రాత్రిపూట పొద కదిలితే జంతువని కాలిస్తే, కూలిపోయింది తోటి మనిషి అయిన సంఘటనలు మన్యంలో జరిగాయి. ఉచ్చుకైతే కళ్లే ఉండవు. చెవులపిల్లి కోసం బిగించిన తీగలో చూడి జంతువు పడుతుంది, ఊరి మేక పడుతుంది, చిరుత పడుతుంది. కరెంటు తీగ పరిస్థితి మరీ ఘోరం. తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకోవడానికి వెళ్లిన ఆడమనిషి కూడా దానికి బలి కావచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అడవి హక్కుల చట్టం మాకు అడవి మీద హక్కులిచ్చింది కదా, వేట హక్కు ఎందుకుండదు అని. ఈ ప్రశ్న కురుపాంలో మరింత గట్టిగా అడగాలి. 2005లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి అధ్యక్షత వహించింది కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. 2006లో చట్టమైన ఆ బిల్లు పోడు భూమికి పట్టా ఇచ్చింది. చింతపండు, అడ్డాకు, తేనె వంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులనూ గుర్తించింది. అయితే ఆ మాట చెప్పిన వాక్యంలోనే వేటను, ఉచ్చులు వేయడాన్ని పేరు పెట్టి మరీ మినహాయించింది. అంటే గిరిజనుడి పక్షాన నిలబడి రాసిన చట్టం కూడా ఈ ఒక్క తలుపును తెరవలేదు. అదే చట్టం మరో తలుపు తెరిచింది. అడవిని, వన్యప్రాణులను, జలవనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. వేటగాడి కుర్చీ తీసేసి కాపలాదారు కుర్చీ వేసింది. ఆ కుర్చీలో కూర్చునేవాడికి అడవి తెలిసి ఉండాలి. వేటగాడికి కావలసిన తెలివీ అదే.

ఆ తెలివి ఎలాంటిదో కాస్త వివరంగా చూద్దాం. మొదటి పాఠం గాలి. మనిషి వాసన గాలి వాలున ఎంతో దూరం పోతుంది. జంతువు మనల్ని కంటితో చూడకముందే ముక్కుతో పసిగడుతుంది. అందుకే తెలిసినవాడు పిడికెడు బూడిదో మెత్తటి మట్టో జారవిడిచి, అది ఎటు పోతోందో చూసి, గాలికి ఎదురుగా నడుస్తాడు. రెండోది నేల. వాన వెలిసిన మర్నాడు గెడ్డ ఒడ్డున మెత్తటి ఇసుక తెరిచిన పుస్తకంలా ఉంటుంది. అడుగు అంచులు పదునుగా ఉంటే జంతువు ఇప్పుడే పోయింది. అంచులు విరిగి, అందులో ఆకు పడి, చీమ నడిచి ఉంటే నిన్నటిది. మంచు పట్టిన గడ్డిలో తడి చెదిరిన చార కనిపిస్తే తెల్లవారాకే ఏదో అటు వెళ్లింది. అడవిపంది నేలను దున్నినట్టు పెళ్లగిస్తుంది. ఎలుగు చెదపుట్టను తవ్వి వదిలిపెడుతుంది, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు ఉంచిపోతుంది. వేసవిలో దాని పెంటలో ఇప్ప, తునికి గింజలు కనిపిస్తాయి. ఏనుగు ముందుకాలి అడుగు చుట్టుకొలతను రెండింతలు చేస్తే ఆ ఏనుగు భుజం ఎత్తు ఇంచుమించుగా తెలిసిపోతుంది. అంటే గుంపును కళ్లజూడకుండానే అందులో పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని అని ఒక అంచనాకు రావచ్చు.

మూడో పాఠం చెవి. కొండముచ్చు ఒక్కసారిగా అరిచినా, దుప్పి గట్టిగా కూసినా, పిట్టలు ఉన్నపాటున మౌనం పట్టినా, దగ్గర్లో చిరుత వంటిదేదో కదులుతోందని గ్రహించాలి. నాలుగోది రుతువు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ కాయ ఎప్పుడు రాలుతుందో తెలిసినవాడికి ఏ జంతువు ఏ నెలలో ఎక్కడుంటుందో తెలుస్తుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఆ చెట్ల కింద ఎలుగు ఉంటుందన్న ఒక్క ఎరుక ఒక ప్రాణాన్ని కాపాడుతుంది. అయిదోది ఓపిక. కదలకుండా, దగ్గకుండా, బీడీ ముట్టించకుండా గంటల తరబడి కూర్చోగలగాలి. ఈ అయిదూ పుస్తకంలో చదివితే రావు. తెలిసిన పెద్దవాడి వెనక అడుగులో అడుగు వేసుకుంటూ ఏళ్లు నడవాలి. వీటిలో దేనికీ తుపాకీ అక్కర్లేదు, ఉచ్చు అక్కర్లేదు, లైసెన్సు అంతకన్నా అక్కర్లేదు. ఇవి రాకుండా తుపాకీ పట్టినవాణ్ణి పాతకాలపు వేటగాళ్లు వేటగాడిగా లెక్కపెట్టేవాళ్లే కాదు.

ఇప్పుడు సంప్రదాయం సంగతి. అరకు, పాడేరు ప్రాంతాల్లో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలో మగవాళ్లు అడవికి వేటకు వెళ్లడం ఆచారం. వట్టి చేతులతో తిరిగి వస్తే ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు, పేడనీళ్లు చల్లుతారు. 1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు కూడా చైత్రపు వేట గురించి రాసింది. ఇంత పాత ఆచారాన్ని ఒక కలం పోటుతో ఎలా కొట్టేస్తారని అడిగేవాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే కొండ మీది పండుగల లెక్కలో వేట ఒక్కటే లేదు. అదే పండుగలో విత్తనాలకు పూజ జరుగుతుంది. కొత్తల పండుగల సంగతి చూడండి. మామిడి కొత్త పెట్టేదాకా మామిడికాయ కోసుకోరు, కంది కొత్త పెట్టేదాకా కొత్త కంది నోట పెట్టరు. కాయ పక్వానికి రాకముందే కోసుకుంటే రేపటికి మిగలదన్న ఎరుక ఆ కట్టుబాటులో ఉంది. చేతికందినా ఆగడం అనే నియమాన్ని అడవి శాఖ వచ్చి నేర్పలేదు, కొండే నేర్పింది. చైత్రంలో గెడ్డలు ఎండిపోయి, జంతువులన్నీ మిగిలిన ఒకటి రెండు చలమల దగ్గరకు చేరతాయి. దాహంతో వచ్చిన జీవాన్ని ఆ చలమ దగ్గర కాపు కాసి కొట్టడం, నిండు అడవిలో వెతికి వెంటాడిన తాతల వేటతో సమానం కాదు. అడవి చిక్కిపోయిన ఈ రోజుల్లో వేటకు కూడా ఒక కొత్త కట్టుబాటు పెట్టుకోవడం సంప్రదాయాన్ని తెంచడం కాదు, దాన్ని కొనసాగించడమే.

రాజులు వేలకు వేలు చంపారు, శిక్ష మాత్రం పేదవాడికా అని మరో ప్రశ్న. అందులో నిజం ఉంది, దాన్ని దాచకూడదు. 1936లో భారత క్రికెట్ జట్టుకు ఇంగ్లండులో నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్ మూడు వందలకు పైగా పులులను కాల్చానని చెప్పుకునేవారు. 1947లో మధ్య భారతంలోని కొరియా సంస్థానపు రాజు కాల్చినవి ఈ దేశపు ఆఖరి చీతాలలోవి. 1952లో చీతా దేశంలో అంతరించిందని ప్రకటించారు. అడవిని ఖాళీ చేసిన పాపంలో పెద్దవాటా విల్లు పట్టిన సవరది కాదు, రైఫిలు పట్టిన జమీందారుది, దొరది. అయినా ఈ వాదన మనల్ని ఎక్కడికి చేరుస్తుందో చూడాలి. పెద్దింటివాడు గాదె ఖాళీ చేసిపోయాడు గనక మిగిలిన విత్తనపు గింజలు మనం వండుకుందామా? నష్టం ఎవరు చేసినా, రేపు ఆ అడవి మీద బతకవలసింది కొండ బిడ్డలే. తునికి, నేరేడు గింజలను ఎలుగులు, పక్షులు మోసుకుపోయి అడవంతా చల్లుతాయి. ఇప్పపూలకు గబ్బిలాలు పుప్పొడి అందిస్తాయి. ఆ జీవాలు పోతే గిరిజన సహకార సంస్థకు మనం అమ్ముకునే సరుకూ ఏటేటా తగ్గుతుంది. పైగా ఈనాటి వేటలో లాభం గూడెంలో నిలవడం లేదు. అలుగు పొలుసుల అంతర్జాతీయ వ్యాపారాన్ని ప్రపంచ దేశాలు కలిసి 2016లో నిషేధించాయి. అయినా దొంగచాటుగా కొనేవాడు ఎక్కడో పట్నంలో కూర్చుంటాడు, కేసు మాత్రం ఉచ్చు వేసిన కుర్రవాడి మీద పడుతుంది.

పంట సంగతేమిటని రైతు అడుగుతాడు. రాత్రికి రాత్రే పందుల మంద చేను పాడుచేస్తే కడుపు మండడం సహజం. చట్టం ఆ రైతును పూర్తిగా విస్మరించలేదు. నిలిచిన పంటకు, మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చే జంతువు విషయంలో, దాని షెడ్యూలును బట్టి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి, ఆయన అధికారమిచ్చిన అధికారులకు ఉంది. మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి కొట్టడం నేరం కాదు. ఆ దారి నెమ్మదిగా సాగుతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. దాన్ని త్వరపెట్టమని గ్రామసభ తీర్మానం చేసి అడగాలి. అంతేగానీ కంచెకు కరెంటు పెడితే ఆ తీగకు పంది ఏదో, పొరుగింటి పిల్లవాడు ఎవరో తెలియదు.

విదేశాల్లో వేట లైసెన్సులు ఇస్తున్నారు కదా, మనకెందుకు వద్దు అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. అమెరికాలో 1937 నుంచి తుపాకుల మీద, తూటాల మీద పన్ను వసూలు చేసి, ఆ డబ్బుతో వన్యప్రాణులను పెంచుతున్నారు. జర్మనీలో వేట లైసెన్సు కావాలంటే నెలల తరబడి చదివి కఠినమైన పరీక్ష పాసవ్వాలి. ఆ దేశాల్లో ఏటా జంతువులను లెక్కపెట్టి, ఎన్ని చంపితే మంద తగ్గదో తేల్చి, అన్నింటికే అనుమతి ఇస్తారు. మన కొండల్లో ఆ లెక్కలూ లేవు, అంత మిగులూ లేదు. పోలిక పెట్టాలనుకుంటే వాళ్ల పాఠాల వరస చూడండి. అక్కడ కూడా కొత్తవాడు మొదట నేర్చుకునేది జంతువును గుర్తుపట్టడం, రుతువు, చట్టం, జాగ్రత్త. తూటా చివరన వస్తుంది. వాళ్ల పాఠశాలలోనూ పదిహేనణాలు ముందే ఉన్నాయి.

చంపడం లేకపోతే ఈ విద్య నిలుస్తుందా అన్నది చివరి సందేహం, అన్నింటికన్నా బరువైనది. జవాబు మన చుట్టూనే ఉంది. 2018లో ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు అప్పటి నుంచి ఈ ప్రాంతంలోనే తిరుగుతోంది. కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల రైతులకు ఆ గుంపు కొత్త కాదు. మనుషులు చనిపోయారు, పంటలు పోయాయి. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతానికి గురై ఒకేసారి కూలిపోయాయి. మనిషి ప్రాణమైనా, ఏనుగు ప్రాణమైనా దక్కేది ఒక్క ప్రశ్నకు సకాలంలో జవాబు దొరికితేనే. గుంపు ఈ రాత్రి ఎటు పోతుంది? ఆ జవాబు చెప్పగలవాడు అడుగు చదవగలవాడు, గాలి తెలిసినవాడు, పెంట వేడిని బట్టి వేళ చెప్పగలవాడు. అటవీ శాఖ ఏనుగుల జాడ తీయడానికి స్థానికులను పెట్టుకుంటున్నది ఇందుకే. ఇది పాత వేటగాడి పనే, పేరు మారిందంతే.

ఇంకా దూరం చూస్తే, నల్లమలలో తరతరాలుగా వేటాడి బతికిన చెంచులు నేడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. వాళ్లకు తెలిసిన అడవి ఏ శిక్షణ కళాశాలలోనూ దొరకదు. నాగాలాండ్‌లో వేటకు పేరుపడ్డ ఖొనోమా గ్రామం 1998లో తన అడవిని తానే అభయారణ్యంగా ప్రకటించుకుని వేట మానేసింది. అదే రాష్ట్రంలో పాంగ్టి గ్రామం దగ్గర 2012లో అమూర్ డేగలను వేలకు వేలుగా వలల్లో పట్టి చంపుతున్న సంగతి బయటికి వచ్చింది. మరుసటి ఏడాది ఆ చుట్టుపక్కల గ్రామాలు వలలు చుట్టిపెట్టేశాయి, ఒక్క పక్షినీ చంపలేదు. వాళ్లూ కొండజాతులే, వాళ్లకూ వేట తాతల నాటిదే. కత్తి వరలో పెట్టినందుకు వాళ్ల విద్య చచ్చిపోలేదు. ఆ పక్షులను చూడడానికి ఇప్పుడు దేశదేశాల నుంచి మనుషులు వస్తే, దారి చూపేది ఆ ఊళ్లవాళ్లే.

విద్య ఎప్పుడు చస్తుందంటే, దానికి కూలీ లేనప్పుడు, గౌరవం లేనప్పుడు. అందుకే ఈ మాట కుర్రవాళ్లకు మాత్రమే చెప్పి ఊరుకోవడం అన్యాయం. అటవీ శాఖ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటిడిఎ) అధికారులకు ఒక విన్నపం. అడుగు చదవడం నైపుణ్యం. దానికి కూలి రేటు కాకుండా నైపుణ్యానికి తగిన జీతం, బీమా, ఏడాది పొడవునా పని కల్పించండి. పాత వేటగాళ్లను నేరస్తుల జాబితాలో చూడకుండా గురువుల జాబితాలో చేర్చండి. ఆశ్రమ పాఠశాలల్లో నెలకు ఒక రోజు పిల్లలను వాళ్ల వెంట అడవి అంచున నడిపించండి. చట్టం ఏం చెబుతోందో సవర భాషలో, జాతాపు పెద్దల సమక్షంలో వివరించండి. తెలియని చట్టాన్ని పాటించమని అడగడం న్యాయం కాదు.

ఇక వేట నేర్చుకోవాలని ఉవ్విళ్లూరే యువకుడితో ఆఖరి మాట. తమ్ముడూ, నీ కోరికలో తప్పు లేదు. మీ గూడలో అడవి బాగా తెలిసిన పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు. ఆయన కాళ్లలో సత్తువ ఉండగానే వెళ్లి, వెంట నడుస్తానని అడుగు. పగటిపూట వెళ్లు, ఒంటరిగా పోకు, ఏనుగులున్నాయని తెలిసిన వైపు అసలే పోకు. నోటు పుస్తకం ఒకటి, కొలవడానికి జానెడు తాడు ఒకటి చాలు. చూసిన ప్రతి అడుగూ కొలిచి రాసుకో, రోజు, వేళ, చోటు రాసుకో. రెండు మూడేళ్లు అలా నడిచాక మీ ఊరి గ్రామసభలో నిలబడి, మన అడవిలో ఏవి ఎక్కడ ఉన్నాయో నేను చెబుతాను అనగలవు. ఆ పెద్దాయనతో పాటు మట్టిలో కలిసిపోయే విద్యను ఆ తరవాత ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఈ వారమే వెళ్లు.